మీ పేపర్ అందింది, మోడల్ అందలేదు

మల్టీబాడీ డైనమిక్స్ (ఒకదానికొకటి కలిపిన అనేక భాగాల కదలికల శాస్త్రం) మీద పనిచేస్తున్న యూనివర్సిటీ పరిశోధక బృందాలకు, అంటే ఆచార్యులకు, పీహెచ్‌డీ విద్యార్థులకు, ల్యాబుల్లో కూర్చుని కోడ్ రాసే ప్రతి ఒక్కరికీ,

నమస్కారం.

నేను డిజైన్ విభాగంలో యంత్రాల సిమ్యులేషన్ చేసే ఇంజనీర్‌ని. లింకులు, జాయింట్లు, స్ప్రింగులు, బేరింగులు కలిసి కదిలే యంత్రం ఇంకా తయారు కాకముందే అది ఎలా కదులుతుందో, ఏ పిన్ను మీద ఎంత బలం పడుతుందో లెక్కగట్టి చెప్పడం నా ఉద్యోగం. ఆ లెక్కలకు ఆధారమైన పద్ధతుల్లో చాలా భాగం మీలాంటి బృందాల నుంచి వచ్చినవే కాబట్టి మీరు రాసే పేపర్లు శ్రద్ధగా చదువుతాను. చదివి, బాగుందనుకుని, ఆ పద్ధతిని మా యంత్రానికి వాడదామని కూర్చుంటే మాత్రం అక్కడే బండి ఆగిపోతుంది. సమీకరణాలు ఉంటాయి. రంగురంగుల గ్రాఫులూ ఉంటాయి. ఆ గ్రాఫు మళ్లీ రావడానికి కావలసిన వివరాలు మాత్రం సగమే ఉంటాయి.

ఈ లేఖలో నేను అడగదలచుకున్నది ఒక్కటే. పేపర్‌తో పాటు ఆ మోడల్‌ను కూడా నడిచే స్థితిలో బయటపెట్టండి. అది ఎక్కడ చతికిలబడుతుందో కూడా అందులోనే రాయండి.

ఉన్నది పంచుకోవడం మీ రంగానికి కొత్తేమీ కాదు. వాహన కంపెనీలు విరివిగా వాడే ఆడమ్స్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ మూలాలు 1970లలో మిషిగన్ యూనివర్సిటీలో జరిగిన పరిశోధనలో ఉన్నాయి. డ్యాడ్స్ అనే మరో సాఫ్ట్‌వేర్ అయోవా యూనివర్సిటీ నుంచి వచ్చింది. లింకులు ఎన్ని పెరిగితే లెక్క కూడా అంతే నిష్పత్తిలో పెరిగేలా చేసిన ఫెదర్‌స్టోన్ అల్గారిథమ్ 1983లో వచ్చిన ఒక పరిశోధనా పత్రం. ఇవాళ రోబోల సిమ్యులేటర్లలో దాని వారసులు పరుగులు తీస్తున్నారు. విస్కాన్సిన్-మాడిసన్, పార్మా యూనివర్సిటీల వాళ్లు కలిసి పెంచిన ప్రాజెక్ట్ క్రోనో, మిలాన్ పాలిటెక్నిక్ వారి ఎంబీడైన్, ఇన్స్‌బ్రుక్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎక్సుడైన్, ఇవన్నీ సోర్స్ కోడ్‌తో సహా ఎవరైనా దించుకోవచ్చు. ఈ బృందాలకు మా వృత్తిలో ఉన్నవాళ్లు ఎంత రుణపడి ఉన్నారో మాటల్లో చెప్పలేను.

అయితే సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచిపెట్టడం వేరు, ఫలానా పేపర్లోని ఫలానా ఫలితాన్ని తెరిచిపెట్టడం వేరు. రెండోది చాలా తక్కువగా జరుగుతోంది. దానివల్ల మాకు ఏం జరుగుతుందో ఒకటి రెండు ఉదాహరణలతో చెబుతాను.

మామూలు తలుపునే తీసుకోండి. రెండు మడతబందుల మీద వేలాడే తలుపు. వంగని వస్తువు కాబట్టి దానికి ఆరు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే ఆరు రకాలుగా కదిలే స్వేచ్ఛ. ఒక్కో మడతబందును రివల్యూట్ జాయింట్‌గా (ఒకే ఇరుసు చుట్టూ తిరగనిచ్చే కీలుగా) పెడితే ఒక్కొక్కటి ఐదింటిని తీసేస్తుంది. ఆరులోంచి పది తీస్తే మైనస్ నాలుగు. కాగితం మీద లెక్క ప్రకారం ఆ తలుపు కదలనే కూడదు. కానీ నిక్షేపంగా తెరుచుకుంటుంది, ఎందుకంటే రెండు బందుల ఇరుసులూ ఒకే గీత మీద ఉన్నాయి. లెక్కలో మైనస్ నాలుగు, నిజంలో ఒక చలనం, అంటే ఐదు కన్‌స్ట్రెయింట్లు (కదలికను అడ్డుకునే షరతులు) అదనం. చాలా సాల్వర్లు (ఈ సమీకరణాలను పరిష్కరించే ప్రోగ్రాములు) ఆ ఐదింటిని గుట్టుచప్పుడు కాకుండా పక్కన పెట్టేసి, లాగ్ ఫైల్లో ఒక లైను రాసి ముందుకు పోతాయి. పక్కన పెట్టినవన్నీ కింది బందువే అనుకోండి, తలుపు బరువు, దాన్ని వంచే మొమెంటు మొత్తం పై బందు మీదే పడినట్టు చూపిస్తుంది. కింది బందు మీద సున్నా. తలుపు తిరిగిన కోణం, వేగం, త్వరణం అన్నీ కచ్చితంగా సరిపోతాయి. యానిమేషన్ చూసినవాళ్లకు అనుమానమే రాదు. బలాలు మాత్రం నిజం కావు. ఎందుకంటే నిజం తలుపులో బరువు ఏ బందు మీద ఎంత పడుతుందన్నది చట్రం గట్టిదనం మీద, స్క్రూల బిగింపు మీద, తయారీలో మిగిలిన సందుల మీద ఆధారపడుతుంది. వంగని వస్తువుల లెక్కలో వీటిలో ఏదీ లేదు.

నాలుగు లింకుల మెకానిజంలోనూ ఇదే కథ. బల్లకు బిగించిన లింకు పోగా కదిలేవి మూడు, వాటికి మూడార్లు పద్దెనిమిది. నాలుగు రివల్యూట్ జాయింట్లు తీసేవి ఇరవై. మిగిలేది మైనస్ రెండు. వాస్తవంలో ఒక చలనం ఉంది కాబట్టి మూడు కన్‌స్ట్రెయింట్లు అదనమన్నమాట. ఈ మెకానిజం మీద బేరింగు బలాల గ్రాఫు వేసిన పేపర్లు నేను చదివాను. అదనపు కన్‌స్ట్రెయింట్లను ఏం చేశారో వాటిలో ఒక్క వాక్యం కూడా ఉండదు. కొన్నింటిని తీసేశారా, బలాల మొత్తం పరిమాణం కనిష్ఠమయ్యేలా అన్నింటికీ పంచారా, ఒక జాయింటును బుషింగ్‌గా (కొద్దిగా సాగే కీలుగా) మార్చారా? పంచే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. బలాలను, మొమెంట్లను ఒకే వెక్టర్‌లో కలిపి కనిష్ఠం చేస్తే, పొడవును మీటర్లలో కొలిచినప్పుడు ఒక పంపకం, మిల్లీమీటర్లలో కొలిచినప్పుడు ఇంకో పంపకం వస్తుంది. యూనిట్లు మార్చితే బేరింగు మీది బలం మారిందంటే నవ్వొస్తుంది. కానీ ఆ అంకె చూసే ఎవరో పిన్ను వ్యాసం నిర్ణయిస్తారు. మోడల్ ఫైల్ చేతిలో ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయమిది.

ఘర్షణ దగ్గర పరిస్థితి ఇంకా చిత్రంగా ఉంటుంది. కూలంబ్ ఘర్షణ (ఒత్తే బలానికి అనులోమంగా, జారే దిశకు ఎదురుగా ఉండే ఘర్షణ) వేగం సున్నా దగ్గర ఒక్కసారిగా దిశ మారుస్తుంది కాబట్టి సాల్వర్‌కు అది మింగుడు పడదు. అందుకని ఒక చిన్న హద్దు వేగం పెట్టుకుని, దానికి లోపల ఘర్షణ మెల్లగా పెరిగేలా నునుపు చేస్తాం. తప్పేం లేదు, అందరం చేసేదే. ఇప్పుడు వాలు మీద ఒక దిమ్మను ఉంచండి. ఘర్షణ గుణకం 0.5. వాలు కోణం టాంజెంట్ 0.25, అంటే సుమారు 14 డిగ్రీలు. దిమ్మ కదలకూడదు. హద్దు వేగం సెకనుకు 1 మిల్లీమీటర్ అని పెట్టి, ఘర్షణ సరళరేఖలో పెరుగుతుందనుకుంటే, గురుత్వానికి సరిపడేంత ఘర్షణ పుట్టాలంటే దిమ్మ సెకనుకు అర మిల్లీమీటరు చొప్పున జారాల్సిందే. నిమిషంలో 30 మిల్లీమీటర్లు. అరసెకను పాటు సాగే ఢీకొట్టుడు సిమ్యులేషన్‌లో అది ఎవరికీ కనిపించదు. గంటల తరబడి బరువు పట్టుకుని నిలబడాల్సిన క్లాంపు విషయంలో అదే అసలు ప్రశ్న. మరి మీ పేపర్లో ఆ హద్దు వేగం ఎంత? "రెగ్యులరైజ్ చేసిన కూలంబ్ ఘర్షణ వాడాం" అని ఉంటుంది, విలువ ఉండదు.

కన్‌స్ట్రెయింట్ల స్థిరీకరణ సంగతీ అంతే. జాయింటు దగ్గర రెండు భాగాలూ కలిసే ఉండాలన్నది స్థానానికి సంబంధించిన షరతు. దాన్ని రెండుసార్లు అవకలనం చేసి త్వరణానికి సంబంధించిన షరతుగా మార్చి సాల్వర్‌కు ఇస్తాం. త్వరణం దగ్గర షరతు నెరవేరినా, ప్రతి అడుగులో మిగిలిపోయే చిన్న దోషాలు పోగుపడి, కాసేపటికి పిన్ను రంధ్రంలోంచి జారి పక్కకు పోతుంది. 1972లో బామ్‌గార్టె దీనికి ఒక ఉపాయం చెప్పాడు. తప్పిన దూరాన్ని, తప్పిన వేగాన్ని రెండు గుణకాలతో వెనక్కి లాగడం. గుణకాలు చిన్నవైతే జారడం ఆగదు, మరీ పెద్దవైతే సమీకరణాలు బిగుసుకుపోయి సాల్వర్ నత్తనడక నడుస్తుంది. ఏ యంత్రానికి ఎంత పెట్టాలన్న దానికి అందరికీ పనికొచ్చే సూత్రమంటూ లేదు. యాభై ఏళ్లు దాటినా ఈ ఉపాయాన్ని ఇంకా వాడుతున్నారు, ఇంకా ఆ రెండు గుణకాలను పేపర్లో రాయకుండా వదిలేస్తున్నారు.

జడత్వపు లబ్ధాల (వస్తువు ద్రవ్యరాశి ఇరుసులకు ఎంత అసమానంగా పరుచుకుందో చెప్పే అంకెల) గుర్తు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. కొన్ని ప్యాకేజీలు వాటిని మైనస్‌తో కలిపి అడుగుతాయి, కొన్ని మైనస్ లేకుండా అడుగుతాయి. వస్తువు ఎటు తిరిగి ఉందో నాలుగు అంకెల్లో చెప్పే క్వాటర్నియన్‌లో స్కేలార్ భాగం కొన్నిచోట్ల ముందు, కొన్నిచోట్ల చివర. పట్టికలో అంకెలు ఇచ్చి ఏ పద్ధతిలో ఇచ్చారో చెప్పకపోతే, చదివేవాడు బొమ్మా బొరుసూ వేసుకోవాల్సిందే.

"మా పద్ధతి పది రెట్లు వేగం" అనే వాక్యం గురించి కూడా కాస్త మాట్లాడుకోవాలి. ఎంత దోషం దగ్గర పది రెట్లు? టాలరెన్స్ (సహించే దోషం హద్దు) సడలిస్తే ఏ పద్ధతైనా పరిగెత్తుతుంది. ఒకే దోషానికి ఎవరికి ఎంత సమయం పట్టిందో చూపే గ్రాఫు ఒక్కటి ఉంటే ఆ వాక్యం నమ్ముతాం. లేకపోతే అది ప్రకటన. టైమ్ స్టెప్‌ను (లెక్కలో ఒక్కో అడుగు కాలాన్ని) సగం చేస్తే ఏమైందో చెప్పడం ఇంకా తేలిక. రెండో ఆర్డర్ పద్ధతి (దోషం అడుగు వర్గానికి అనులోమంగా ఉండేది) అయితే దోషం నాలుగో వంతుకు దగ్గరగా రావాలి. రాకపోతే కోడ్‌లో తప్పైనా ఉండాలి, కాంటాక్టుల్లాంటి తెగిన చోట్లయినా ఉండాలి. ఏదైనా మాకు తెలియాల్సిన విషయమే. ఇక జంట లోలకాన్ని పెద్ద కోణం నుంచి వదిలి, చాలాసేపు నడిపి, రెండు సాఫ్ట్‌వేర్ల గీతలు ఒకదానిమీద ఒకటి పడ్డాయని చూపించే బొమ్మలు దయచేసి మానేయండి. అది కేయాటిక్ వ్యవస్థ. టాలరెన్స్ చివరి అంకె మార్చినా కాసేపటికి గీతలు విడిపోతాయి. అవి చివరిదాకా కలిసే ఉన్నాయంటే నాకు నమ్మకం కలగదు, అనుమానం వస్తుంది. శక్తి ఎంత నిలబడిందో చూపించండి, చాలు.

ఇవన్నీ అసాధ్యమైన కోరికలేం కావు. యంత్రాలు, మెకానిజాల శాస్త్రానికి చెందిన అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌టోఎంఎం మల్టీబాడీ డైనమిక్స్ సాంకేతిక కమిటీ పరీక్షా సమస్యల గ్రంథాలయం ఒకటి నడుపుతోంది. మామూలు లోలకం, నాలుగు లింకుల మెకానిజాల గొలుసు, ఆండ్రూస్ మెకానిజం, బ్రికార్డ్ మెకానిజం, గుండ్ల గవర్నర్ అందులో ఉన్నాయి. ఏడు భాగాల ఆండ్రూస్ మెకానిజానికి ప్రతి ద్రవ్యరాశి, ప్రతి పొడవు, స్ప్రింగు గట్టిదనం, తిప్పే టార్క్, అన్నీ ఎప్పటినుంచో అచ్చులో ఉన్నాయి. అందుకే కొత్త సాల్వర్ రాసిన ప్రతివాళ్లూ మొదట దాని తలుపే తడతారు. బ్రికార్డ్‌లో పైన చెప్పిన అదనపు కన్‌స్ట్రెయింట్ల తలనొప్పి ఉంది. నాలుగు లింకుల గొలుసు కదులుతూ కదులుతూ సింగ్యులర్ స్థితి (లింకులు ఒకే గీతలోకి వచ్చి, తర్వాత ఎటు కదలాలో లెక్కకు తేలని స్థితి) గుండా పోతుంది. అంటే ఏ సాల్వర్ ఎక్కడ తడబడుతుందో పట్టుకోవడానికే ఏరికోరి పెట్టినవి. రైలు బండ్ల సిమ్యులేషన్‌లోనైతే 1990ల చివర్లోనే మాంచెస్టర్ బెంచ్‌మార్కుల పేరుతో ఒకే రకం బండ్లను, ఒకే రకం పట్టాలను వేర్వేరు ప్యాకేజీలకు ఇచ్చి, ఫలితాలను పక్కపక్కన పెట్టి చూశారు. దారి ఉంది. రోజువారీ పేపర్లు ఆ దారిలోకి రావడమే మిగిలింది.

వైఫల్యాల సంగతికి వస్తున్నాను. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

1958లో అమెరికా పంపిన తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్ 1 పెన్సిల్‌లా పొడుగ్గా ఉండేది. దాని పొడుగు ఇరుసు చుట్టూ గిర్రున తిప్పి కక్ష్యలో వదిలారు. వంగని వస్తువుకైతే ఆ ఇరుసు చుట్టూ తిరగడం స్థిరమైనదే. కానీ ఆ ఉపగ్రహానికి వంగే యాంటెన్నాలు ఉన్నాయి. అవి ఊగుతూ శక్తిని హరించాయి. కోణీయ ద్రవ్యవేగం మారకుండా శక్తి తగ్గుతూ పోతే వస్తువు అతి ఎక్కువ జడత్వమున్న ఇరుసు వైపు మళ్లాలి. సరిగ్గా అదే జరిగింది. ఉపగ్రహం కొద్ది గంటల్లోనే పొడుగు ఇరుసు వదిలి పల్టీలు కొట్టడం మొదలెట్టింది. ఎవరూ దాన్ని కప్పిపుచ్చలేదు. ఇవాళ ఉపగ్రహాల స్థిరత్వం నేర్పే ప్రతిచోటా ఆ కథ చెబుతారు. వంగే భాగాలను లెక్కలోకి ఎందుకు తీసుకోవాలో విద్యార్థికి ఒక్క దెబ్బతో అర్థమవుతుంది.

అంతకు చాలా ముందే, 1895లో, ఫ్రెంచ్ గణితజ్ఞుడు పెన్లవే గరుకు నేల మీద జారే వంగని కడ్డీకి కూలంబ్ ఘర్షణ సూత్రం పెట్టి చూశాడు. కొన్ని స్థితుల్లో సమాధానమే లేదు, కొన్నింటిలో ఒకటికి మించి ఉన్నాయి. ఆ చిక్కుముడి మీద ఇప్పటికీ పేపర్లు వస్తూనే ఉన్నాయి. మోడల్ చెడిపోయిన చోటే పరిశోధన మొదలైందని మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఇవాళ్టి పేపర్లలో ప్రతి సిమ్యులేషనూ సాఫీగా సాగిపోతుంది. ప్రతి గీతా ప్రయోగం గీత మీద వాలుతుంది. పని చేయని మోడల్ ఎవరి ల్యాబ్‌లోనూ లేనట్టే ఉంటుంది. కాంటాక్టు మోడల్‌ను చూడండి. 1990లో లంకరాని, నిక్రవేష్ ఇచ్చిన సూత్రం వస్తువులు బాగా ఎగిరిపడే ఢీలకు, అంటే రెస్టిట్యూషన్ గుణకం (ఢీ తర్వాత విడిపోయే వేగానికి, ముందు దగ్గరయ్యే వేగానికి ఉన్న నిష్పత్తి) ఒకటికి దగ్గరగా ఉన్నప్పుడు సరిపోతుంది. మెత్తగా చతికిలపడే ఢీకి అది తీసుకెళ్లి పెడితే పోవాల్సినంత శక్తి పోదు. చాలామందికి తెలిసిన పరిమితే. అయినా ఆ సూత్రాన్ని మెత్తటి ఢీకి వాడి, "ఫలితాలు సంతృప్తికరం" అని ముగించిన పేపర్లు కనబడుతూనే ఉంటాయి. ఎంత గుణకం దగ్గర తేడా కొట్టిందో ఒక పట్టిక ఇచ్చి ఉంటే మా అందరికీ ఎంత పని తప్పేది!

మీ వైపు ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఒకసారి నేను ఒక పేపర్లోని మోడల్ కోసం ఉత్తరం రాస్తే, కోడ్ రాసిన విద్యార్థి డిగ్రీ పూర్తి చేసుకుని వెళ్లిపోయారని, ల్యాబ్‌లో ఉన్న కాపీ ఇప్పుడు నడవడం లేదని మర్యాదగా జవాబు వచ్చింది. వాళ్లను తప్పుపట్టను. కోడ్‌ను శుభ్రం చేసినందుకు ఎవరికీ పదోన్నతి రాదు, ఇంకో పేపర్ రాస్తే వస్తుంది. ఆ లెక్క మార్చాల్సింది మీలోనే జర్నళ్ల సంపాదకులుగా, సమీక్షకులుగా ఉన్నవాళ్లు. సమీక్షకు పేపర్ వచ్చినప్పుడు "ఈ గ్రాఫును తెచ్చే ఫైళ్లు ఎక్కడ?" అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు లేకపోతే పేపర్ తిరగ్గొట్టక్కర్లేదు. అడిగారని తెలిస్తే చాలు, తర్వాతి పేపర్‌కు ఫైళ్లు వాటంతటవే వస్తాయి.

కంపెనీ డేటా రహస్యం కాబట్టి ఇవ్వలేమంటారు. అది న్యాయమైన మాటే, మా కంపెనీల న్యాయవిభాగాల చేతిలో నేనూ అవస్థ పడేవాడినే. అయితే పద్ధతి సరైనదో కాదో నిరూపించడానికి ఎవరి సస్పెన్షనూ, ఎవరి రోబో చెయ్యీ అక్కర్లేదు. బల్ల మీద పట్టేంత లోలకం, నాలుగు లింకుల మెకానిజం, ఒక ఎన్‌కోడర్, ఒక బలం కొలిచే సెన్సార్ ఉంటే సరిపోతుంది. కొలతలను శుభ్రం చేయకముందు, చేశాక, రెండూ పెట్టండి. వడగట్టిన డేటా ఒక్కటే పెడితే వడపోతలో ఏం పోయిందో మాకు తెలియదు.

కోడ్ అందవికారంగా ఉంది, సిగ్గుగా ఉంది అనే విద్యార్థులకు ఒక మాట. ఎవరూ మీ కోడ్ అందం చూడరు. మాకు కావలసింది ఏ వెర్షన్ మీద నడిచిందో రాసిన ఒక లైను, సాల్వర్ పేరు, టాలరెన్సు, టైమ్ స్టెప్, ఘర్షణకు పెట్టిన హద్దు వేగం, తొలి స్థితి, యూనిట్లు, ఇన్‌పుట్ ఫైళ్లు. వాటితో పాటు "ఇంతకంటే పెద్ద టైమ్ స్టెప్ పెడితే కూలిపోతుంది", "ఈ కోణం దాటితే నమ్మొద్దు" అని మీ మాటల్లో రాసిన ఒక పేజీ. థీసిస్ సమర్పించే ముందు ఆ ఫోల్డరును పక్క సీటు వాళ్లకు ఇచ్చి, మీరు నోరు మెదపకుండా కూర్చుని, అందులోంచి ఒక గ్రాఫు తెప్పించమనండి. వాళ్లు అడిగే ప్రతి ప్రశ్నకు జవాబు ఆ పేజీలో చేర్చండి.

ఆచార్యులకు ఇంకో విన్నపం. ఇప్పుడు చాలా బృందాలు సిమ్యులేషన్లతో తయారుచేసిన డేటా మీద న్యూరల్ నెట్‌వర్కులకు శిక్షణ ఇస్తున్నాయి. వాలు మీద జారిపోయే ఆ దిమ్మను నెట్‌వర్క్ కూడా నిజమనుకునే నేర్చుకుంటుంది. మోడల్ సెట్టింగులు పక్కన లేకపోతే, ఆ పొరపాటు ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత ఎవరూ వెనక్కి వెళ్లి పట్టుకోలేరు. ఈ పనులకు సంబంధించిన పేపర్లలోనైనా ముందుగా ఇది మొదలుపెట్టండి.

పాత పేపర్లన్నీ తవ్వి తీయమని అడగడం లేదు. మీ బృందం పేపర్లలో ఎక్కువమంది ఉదహరించిన దాన్ని ఒక్కదాన్ని ఎంచుకుని, దాని మోడల్‌ను, దానితో పాటు అప్పట్లో పనిచేయక పక్కన పడేసిన ఒక కేసును బయటపెట్టండి. అలా పెట్టిన ఫైళ్లను మాలాంటివాళ్లం మా దగ్గరున్న సాల్వర్ల మీద నడిపి, వచ్చిన అంకెలను మా సెట్టింగులతో సహా మీకు తిరిగి పంపుతాం. సరిపోయినా పంపుతాం, సరిపోకపోయినా పంపుతాం.

ఇట్లు,
మీ పేపర్లు చదివే ఒక సిమ్యులేషన్ ఇంజనీర్